జూన్ పద్నాలుగో తేదీ పేజీ

సువార్తమ్మ రాజమండ్రి కోర్టులో ఇరవై ఏడేళ్లు స్టెనోగా పనిచేసింది. హత్య కేసులు, గట్టు తగాదాలు, భార్యాభర్తల గొడవలు, అన్నీ ఆమె పెన్సిలు కింద నుంచి వెళ్లినవే. సాక్షి ఏడ్చినా, వకీలు అరిచినా ఆమె తల ఎత్తేది కాదు. "మీకు అసలు ఏమీ అనిపించదా అండీ?" అని కొత్తగా వచ్చిన గుమస్తా ఒకతను అడిగితే, "అనిపిస్తే మాట జారిపోతుంది నాయనా, రాసుకోవద్దూ?" అంది.

పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయేనాటికి తమ్ముడు లాజరుకు పదకొండేళ్లు. వాణ్ణి చదివించింది, లూథరన్ చర్చిలో పెళ్లి చేసింది. రెండువేల మూడులో వాడు దానవాయిపేటలో ఆరు కంప్యూటర్లతో ఇంటర్నెట్ సెంటర్ పెట్టుకుంటే, ప్రారంభం రోజున పాస్టరుగారి పక్కన నిలబడి రిబ్బను కత్తిరించింది కూడా ఆమే. లాజరూ, అతని భార్య కరుణా, సువార్తమ్మా ఒకే ఇంట్లో ఉండేవాళ్లు.

రెండువేల ఆరులో కోర్టుకి ఒక సర్క్యులర్ వచ్చింది. కంప్యూటర్లూ ఇంటర్నెట్టూ వల్ల వచ్చే తగాదాల మీద అప్పీళ్లు వినడానికి ఢిల్లీలో కొత్తగా ఒక ట్రిబ్యునల్ మొదలవుతోంది, అనుభవమున్న కోర్టు సిబ్బంది డెప్యుటేషన్ మీద కావాలి అని. ఎవరూ పేరు ఇవ్వలేదు. సువార్తమ్మ ఇచ్చింది. యాభై రెండేళ్ల వయసులో ఎందుకు ఇచ్చిందో ఆమెకే సరిగ్గా తెలియదు. గోదావరి వంతెన దాటి విజయవాడకన్నా దూరం వెళ్లిన మనిషి కాదు.

"ఢిల్లీలో చలికి చచ్చిపోతావక్కా" అన్నాడు లాజరు.

"చావనులే. రెండేళ్లేగా."

ఢిల్లీ చేరాక ఆమెకు పెద్ద భవనంలో నాలుగు గదులు చూపించారు. ఒక గదిలో ఎత్తుగా వేదిక, దాని మీద ప్లాస్టిక్ కాగితం తీయని కుర్చీ. మిగతా గదుల్లో అట్టపెట్టెలు. కోర్టు అంటే వందేళ్ల నాటి బీరువాలు, పాత కాగితం వాసన, వరండాలో జనం అనుకునే మనిషికి ఆ ఖాళీ వింతగా తోచింది. అప్పీలు ఏ నమూనాలో రాయాలి, ఏ రిజిస్టరులో ఎక్కించాలి, వాయిదాల జాబితా ఎక్కడ అంటించాలి, దేనికీ ముందు చేసినవాళ్లు లేరు. ఆమే తెల్లకాగితం మీద స్కేలు పెట్టి గడులు గీసింది. అప్పీలు నంబరు, తేదీ, ఎవరి మీద ఎవరు, కింది అధికారి ఉత్తర్వు ఎప్పటిది, ఆలస్యమైతే ఎన్ని రోజులు. రిజిస్ట్రారు ఆ కాగితం చూసి, "ఇదే అచ్చు వేయిద్దాం" అన్నాడు. ప్రిసైడింగ్ ఆఫీసరుగారు విశ్రాంత న్యాయమూర్తి, నెమ్మదైన మనిషి. ఆయన చెప్పింది ఆమె షార్ట్‌హ్యాండులో రాసుకునేది, చక్కగా కంప్యూటరులో కొట్టి ఇచ్చేది.

మొదటి నెలల్లో వచ్చిన అప్పీళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. వాటిలో ఒక కట్ట మీద అప్పీలుదారు చిరునామా పాలకొల్లు అని చూసి ఆమె ముఖం విప్పారింది. ఇంటి నుంచి ఉత్తరం వచ్చినట్టనిపించింది. టీ తెప్పించుకుని మరీ చదవడం మొదలుపెట్టింది.

అప్పీలుదారు పేరు హారతి. పాలకొల్లులో ఒక ప్రైవేటు స్కూలులో లెక్కల టీచరు. పదమూడేళ్ల సర్వీసు. రెండువేల ఐదు జూన్‌లో, బడి తెరిచిన మర్నాడు, ఆమె ఇ-మెయిల్ నుంచి స్కూలు కరస్పాండెంటుకి ఒక ఉత్తరం వెళ్లింది. రాజీనామా ఇస్తున్నానని, దానితోపాటు హెడ్‌మాస్టరు మీద నోటితో చెప్పలేని బూతులు. అది తను రాయలేదని ఆమె ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మలేదు. ఉద్యోగం పోయింది. ఊళ్లో తలెత్తుకోలేకపోయింది. ఆ మెయిల్ ఆ మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో రాజమండ్రిలోని ఒక ఇంటర్నెట్ సెంటర్లో నాలుగో నంబరు కంప్యూటర్ నుంచి వెళ్లిందని తేలింది. అదే స్కూల్లో కంప్యూటర్ టీచరు గణేష్‌బాబు మీద ఆమెకు అనుమానం. ఆమెకు మెయిల్ ఐడీ, పాస్‌వర్డూ తయారుచేసి పెట్టింది అతనే, ఆమె ఉద్యోగం పోయాక ఆమెకు రావలసిన వైస్ ప్రిన్సిపాల్ పోస్టు దక్కిందీ అతనికే. కానీ సెంటరు రిజిస్టరులో ఆ సమయానికి నాలుగో నంబరు దగ్గర కాకినాడ మనిషి ఎవరిదో పేరుంది. అందువల్ల నిరూపణ కాలేదని హైదరాబాదులో ఇలాంటి తగాదాలు మొదట వినే కింది అధికారి దరఖాస్తు కొట్టేశారు. అప్పీలు వేద్దామంటే అప్పటికి ట్రిబ్యునల్ ఇంకా మొదలే కాలేదు. మొదలైందని పేపర్లో చదివి, ఆలస్యాన్ని మన్నించమని వేరే అర్జీతో పంపింది.

సువార్తమ్మ పేజీ తిప్పింది. రెండో ప్రతివాది, కె. లాజరు, ఇంటర్నెట్ సెంటర్ యజమాని, దానవాయిపేట.

ఇంట్లో ఒక్కరూ ఆమెకు ఈ మాట చెప్పలేదు. ఏడాది పాటు కేసు నడిచింది. రోజూ పక్కన కూర్చుని తిన్న తమ్ముడు, హైదరాబాదు వెళ్లొచ్చిన ప్రతిసారీ "మానిటర్లు కొనడానికి వెళ్లానక్కా" అన్నాడు.

తరవాతి కాగితం చూసింది. సెంటరు రిజిస్టరు పేజీకి జెరాక్స్ కాపీ, రెండువేల ఐదు, జూన్ పద్నాలుగు. పదకొండు పేర్లు, చిరునామాలు, సమయం, కంప్యూటర్ నంబరు, సంతకం. ఆరో పేరు ఆమెదే. మధ్యాహ్నం మూడు గంటలు, ఐదో నంబరు కంప్యూటర్. ఎదురుగా ఇంగ్లీషులో గిలికిన సంతకం.

ఆమె జన్మలో ఎన్నడూ ఇంగ్లీషులో సంతకం చేయలేదు.

ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. తమ్ముడు ఆమెచేత కోర్టుకి సెలవు పెట్టించి మొట్టమొదటి మెయిల్ ఐడీ చేసిచ్చిన రోజు. "నువ్వైనా సరే రిజిస్టరులో సంతకం పెట్టాల్సిందే, రూల్ రూలే" అని వాడు నవ్వితే, తెలుగులో పొడుగ్గా పేరంతా రాసింది. ఇప్పుడు కాపీని దగ్గరగా పెట్టుకుని చూసింది. పదకొండు పేర్లూ ఒక్క చేతిరాతే. ఏడు అంకె నడుముకి అడ్డగీత పెట్టే అలవాటు ఎవరిదో ఆమెకు తెలుసు. ఆ అంకెలు దిద్దించింది ఆమే.

కట్టలో చివర స్కూలు వార్షికోత్సవం ఫొటో ఉంది. టీచర్లందరూ వరసగా నిలబడ్డారు. కింద పేర్లు. గణేష్‌బాబు ముఖం చూడగానే ఆమె ఫొటోను బల్ల మీద వదిలేసింది. ఐదో నంబరు దగ్గర కూర్చుని, మెయిల్ అడ్రసు మధ్యలో కొట్టాల్సిన ఆ చుట్ట గుర్తు ఎక్కడుందో తెలియక ఆమె తడుముకుంటుంటే, పక్క కుర్చీలోంచి వంగి, "షిఫ్టు నొక్కిపెట్టి రెండు కొట్టండమ్మా" అని మర్యాదగా చూపించిన మనిషి అతనే. పక్కది నాలుగో నంబరు.

టీ చల్లారిపోయింది. ఆమె ఆ పూట ఏ కాగితమూ ముట్టుకోలేదు.

మర్నాడు పది గంటలకి ప్రిసైడింగ్ ఆఫీసరుగారి గదిలోకి వెళ్లి, "సర్, ఈ ఫైలు నేను చూడకూడదు. ఇందులో ప్రతివాది నా తమ్ముడు" అంది. ఆయన తల ఊపి, వేరే గుమస్తాకి ఇద్దామన్నాడు. ఆమె కదల్లేదు.

"ఇంకా ఏమైనా ఉందా?"

"ఉంది సర్. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను."

ఆయన కళ్లజోడు తీసి ఫైలు మీద పెట్టాడు. "వద్దు, ఇంకేమీ చెప్పకండి. నేను వినాల్సింది సాక్షి నోటి నుంచి, రెండు పక్షాల ముందు. ఒక్కటి మాత్రం అడుగుతాను. దీనివల్ల మీ ఇంటికి ఏమవుతుందో తెలుసా?"

"తెలియదు సర్" అంది నిజాయితీగా.

ట్రిబ్యునల్ రెండు పక్షాలకీ నోటీసు ఇచ్చింది. సాక్షులను రాజమండ్రిలోనే విచారించి వాంగ్మూలాలు పంపమని కమిషన్ వేసింది. కమిషనరుగా నియమితుడైన పల్లంరాజు అక్కడ పాత సీనియర్ న్యాయవాది. సువార్తమ్మ సెలవు పెట్టి రైలెక్కింది.

స్టేషనుకు లాజరు రాలేదు. ఇంటికి వెళ్లేసరికి గడపలో నిలబడి ఉన్నాడు. కరుణ లోపలికి వెళ్లి తలుపు మూసుకుంది.

"చెప్పావటగా" అన్నాడు.

"ఎందుకు చేశావురా?"

"ఆ గణేష్‌బాబుగారు వారం రోజుల తర్వాత వచ్చాడక్కా. ఏదో చిన్న తగాదా, పోలీసులు వస్తే నీ కంప్యూటర్లన్నీ పట్టుకుపోతారు, షాపు సీలేస్తారు, ఆ పేజీ మార్చెయ్ అన్నాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పేజీ చింపేసి మళ్లీ రాశాను. అందరి పేర్లూ ఉన్నవి ఉన్నట్టే రాశాను. ఒక్కటే మార్చాను."

"నా పేరు కూడా రాశావు."

"నువ్వు ఉన్నావుగా మరి!" అన్నాడు, అదేదో తప్పుపట్టలేని సంగతైనట్టు.

సువార్తమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ అబద్ధపు పేజీలో తన పేరు తీసేసి ఉంటే ఆమెకు ఏమీ తెలిసేది కాదు. తీసేయాలని వాడికి తోచనే లేదు.

విచారణ కోర్టు ఆవరణలోనే, ఆమె ఇరవై ఏడేళ్లు కూర్చున్న హాలులో జరిగింది. అలవాటుగా స్టెనో కుర్చీవైపు నడిచింది. పల్లంరాజు లేచి, "సువార్తమ్మగారూ, ఇవాళ మీరు అటువైపండి" అన్నాడు మెల్లగా. బోనులో నిలబడితే హాలు వేరే హాలులా కనిపించింది. ప్రమాణం చేసింది. తన మాటలు ఎవరో రాసుకుంటుంటే వినబడే చప్పుడు ఆమెకు కొత్త.

గణేష్‌బాబు వకీలు లేచాడు. "ఏడాదిన్నర కిందట షాపులో పక్కన కూర్చున్న మనిషి ముఖం మీకు గుర్తుందా అమ్మా?"

"గుర్తుందండి. నాకు ఆ యంత్రం మీద మొదటి అక్షరం నేర్పిన మనిషి."

"సొంత తమ్ముడి మీద మీకేమైనా కక్ష ఉందా?"

ఆమె లాజరువైపు చూసింది. "వాణ్ణి నేనే పెంచానండి" అంది. వకీలు కూర్చున్నాడు.

మధ్యాహ్నం పల్లంరాజు లాజరును పిలిచి, తెల్లకాగితం ఇచ్చి, ఆ పదకొండు పేర్లూ వరసగా రాయమన్నాడు. లాజరు రాయడం మొదలుపెట్టాడు. ఐదు పేర్లు రాశాడు. ఆరోది అక్క పేరు. 'సు' అని రాసి పెన్ను పక్కన పెట్టేశాడు. "నేనే రాశానండి ఆ పేజీ. గణేష్‌బాబుగారు చెప్తే రాశాను" అన్నాడు. ముందు వరుసలో ఉన్న గణేష్‌బాబు కుర్చీలోంచి సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు. వెనక బెంచీ మీద ఒక సన్నటి మనిషి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆమే హారతి అని సువార్తమ్మకు అప్పుడే తెలిసింది.

నాలుగు నెలల తర్వాత ట్రిబ్యునల్ కింది ఉత్తర్వును రద్దు చేసింది. హారతికి గణేష్‌బాబు నష్టపరిహారం ఇవ్వాలని, రిజిస్టరు మార్చినందుకు అందులో కొంత లాజరు భరించాలని తీర్పు. స్కూలువాళ్లు హారతిని మళ్లీ రమ్మన్నారు. ఆమె వెళ్లలేదు, రావులపాలెంలో వేరే బడిలో చేరింది. ఇంటర్నెట్ సెంటర్ మూతపడింది. లాజరు ఒక సెల్‌ఫోన్ల షాపులో పనికి కుదిరాడు. తీర్పు వచ్చిన రోజున కరుణ ఢిల్లీకి ఫోన్ చేసి, "ఇప్పుడు తృప్తిగా ఉందా వదినా?" అని పెట్టేసింది.

డెప్యుటేషన్ ముగిసేదాకా సువార్తమ్మ అక్కడే పనిచేసింది. అప్పటికి రిజిస్టరులో పేజీలు నిండాయి, బీరువాలు వచ్చాయి. తిరిగి వచ్చాక విడిగా చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర హారతి ఆమె కోసం నిలబడి ఉంది. బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో రావులపాలెం అరటిపళ్ల గెల.

కాసేపు క్షేమసమాచారాలు అయ్యాయి. తర్వాత హారతి తలదించుకుని, "ఒక్క మాట అడగొచ్చాండీ? నేను రెండు ఉత్తరాలు రాశాను మీకు. జవాబు ఎందుకు ఇవ్వలేదు?" అంది.

"ఉత్తరాలా? నాకా?"

"రిజిస్టరులో పేరున్న ప్రతి ఒక్కరికీ రాశానండి. మీది మాత్రం సెంటరు చిరునామాయే ఉంది, అక్కడికే పంపాను. మీరు కూడా వాళ్ల మనిషేననుకున్నాను. ఏడాది పాటు మిమ్మల్ని తిట్టుకున్నాను."

సువార్తమ్మ ఆమె చేతిలోంచి గెల అందుకుంది. దాన్ని చర్చి అరుగు మీద పెట్టి, హారతిని వెంటబెట్టుకుని లాజరు ఇంటికి నడిచింది. ఏడాదిన్నర తర్వాత ఆ గడప తొక్కడం అదే. ఉత్తరాలు ఎక్కడున్నాయని అడిగింది. లాజరు భార్యవైపు చూశాడు. కరుణే లోపలికి వెళ్లి, బట్టల పెట్టె అడుగు నుంచి రెండు కవర్లు తెచ్చి ఇచ్చింది. అతికించినవి అతికించినట్టే ఉన్నాయి. పారేయలేదు, చదవలేదు.

సువార్తమ్మ మెట్టు మీద కూర్చుని మొదటిది చింపింది. హారతి పక్కనే నిలబడి ఉంది. రెండే వాక్యాలు. "అమ్మా, మీరెవరో నాకు తెలియదు. జూన్ పద్నాలుగున మధ్యాహ్నం మీ పక్క కుర్చీలో ఎవరు కూర్చున్నారో గుర్తుంటే దయచేసి ఒక్క ముక్క రాయండి."

తేదీ చూసింది. హైదరాబాదులో దరఖాస్తు కొట్టేయడానికి నాలుగు నెలల ముందుది. ఆ నాలుగు నెలలూ ఆమె రోజూ ఆ సెంటరు ముందు నుంచే కోర్టుకు నడిచి వెళ్లింది.