ముగ్గురు పట్టే సీటు

ఆత్మకూరు బస్టాండులోకి ఉదయగిరి బస్సు మలుపు తిరుగుతుండగానే కిటికీలోంచి కర్చీఫ్ విసరాలి. బస్సు ఆగనిచ్చి, జనాన్ని దిగనిచ్చి, మర్యాదగా ఎక్కుదామనుకుంటే ఇంటిదాకా నిలబడే పోవాలి. కర్చీఫ్ పడ్డ సీటు మనది. దాన్ని తీసి అవతల పడేసే ధైర్యం మా వైపు ఎవరికీ లేదు. మహా అయితే "ఈడ ఎవురన్నా వస్తారా?" అని అడుగుతారు. వస్తారంటే గొణుక్కుంటూ ముందుకు పోతారు.

ఈ విద్య నాకు ఇంటర్లోనే అబ్బింది. అప్పుడు ఉదయగిరి నుంచి వింజమూరుకు పోయి చదువుకునేవాళ్ళం, ముగ్గురం. మాలో ఒకతి పొడుగుది, ఒకతి పొట్టిది. పేర్లు లేక కాదు, ఆ పేర్లతో పిలిచేది హాజరు వేసే సార్లు మాత్రమే. నేను రెండూ కాను కాబట్టి నన్ను మధ్యది అనేవాళ్ళు. బస్సులో కూడా నాది మధ్య సీటే. పొట్టిదానికి కిటికీ కావాలి, గాలి తగలకపోతే వాంతి చేసుకుంటుంది. పొడుగుదానికి కాళ్ళు చాపుకోవడానికి దారివైపు కావాలి. వాళ్ళిద్దరి మధ్య నేను అటొక భుజానికి, ఇటొక భుజానికి ఆనుకుని నిద్రపోయేదాన్ని. కిటికీలోంచి బయటకు చూసిన గుర్తే లేదు నాకు.

ఇంటర్ అయ్యాక ముగ్గురం ఆత్మకూరులో డిగ్రీ చేద్దామనుకున్నాం. అది పొట్టిదాని ప్లాను. ఆత్మకూరులో సినిమా హాలుంది, ఐస్‌క్రీం బాగుంటుంది, సాయంత్రానికి ఇంటికి రావచ్చు, ఇంతకంటే చదువుకు ఏం కావాలని వాదించింది. ముగ్గురం ఒకే కోర్సుకు దరఖాస్తు పెట్టాం. తీరా చూస్తే పొట్టిదానికి చెన్నైలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది, అక్కడ వాళ్ళ మామ ఉన్నాడు. పొడుగుదాన్ని మా చర్చికి వచ్చే ఒక అక్క బెంగళూరులో నర్సింగ్‌లో చేర్పించింది. ఇద్దరూ వెళ్ళిపోయారు. ప్లాను మాత్రం నాకు మిగిలింది.

కోపం వచ్చింది నాకు. ఎవరి మీద పడాలో తెలియని కోపం కాబట్టి ఇంట్లో గిన్నెల మీద పడింది. "ఆ గిన్నె ఏం చేసింది మే నిన్ను?" అని అమ్మ అడిగేది.

కాలేజీ చెడ్డదేం కాదు. పాఠాలు అవుతాయి, పరీక్షలు అవుతాయి, క్లాసులో అమ్మాయిలు పలకరిస్తారు. కానీ వాళ్ళంతా ఆత్మకూరు వాళ్ళో, హాస్టల్లో ఉండేవాళ్ళో. నేను బస్సు అందుకోవాలని ఆఖరి క్లాసులో సంచీ భుజాన తగిలించుకునే కూర్చుంటాను. కబుర్లు మంచి పట్టులో పడేసరికి లేచి పోయేదానితో ఎవరు మాత్రం స్నేహం చేస్తారు? మధ్యాహ్నం డబ్బా తెరిచి, ఫోనులో పాటలు పెట్టుకుని, ఎవరో పిలిచినట్టు అప్పుడప్పుడు ఫోను చూసుకుంటూ తినేస్తాను. కొత్త పాటలు ఒక్కటీ పట్టవు నాకు. మేము బస్సులో ఒక ఇయర్‌ఫోన్ సెట్టును ముగ్గురం వంతులేసుకుని విన్నవే వింటాను.

సాయంత్రం బస్సులో మొదటి వారాలు నేను చేసిన పని తలుచుకుంటే నవ్వొస్తుంది. కర్చీఫ్ విసిరేదాన్ని, మధ్యలో కూర్చునేదాన్ని. ఎవరన్నా వస్తారా అని అడిగితే నోరు తనంతట తనే "వస్తారు" అనేది. బస్సు కదిలినా ఎవరూ రారు. ఒకసారి కండక్టరు నిలబడి చూసి, "నీ మనుషులు యాడ పాపా, ఆకాశం నుంచి దిగుతారా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆ రోజు నుంచి అలా అనడం తగ్గించాను. అయినా కిటికీ పక్కన ఖాళీ ఉన్నా మధ్యలోనే కూర్చుంటాను. అలవాటు.

ఇక ఇంట్లో టీవీ అవ్వది. సాయంత్రం ఆరు దాటితే రిమోటు ఆమె చెంగులో ఉంటుంది. ఒకదాని వెనక ఒకటి సీరియళ్ళు చూస్తూ అందులో అత్తలందర్నీ తిడుతుంది. "ఈమెకి పనీపాటా లేదా ఏంది? పొద్దన లేస్తే పట్టుచీర కట్టుకోని తలుపు చాటున నిలబడుకోనుంటాది" అంటుంది. తిడుతూనే రేపటి భాగం కోసం చూస్తుంది. నా ఇష్టాలు వేరు. దయ్యాల కామెడీలంటే పడిచస్తాను. దయ్యం పట్టిన ఇంట్లోకి పెళ్ళివారు దిగారంటే చాలు, ఆ సినిమా నాదే. తెలుగులోకి మార్చిన కొరియా సీరియళ్ళు కూడా చూస్తాను, వాళ్ళు గంటసేపు అన్నం తింటూ మాట్లాడుకుంటారు. పక్కన మనిషి ఉండి తినడం చూస్తే నాకెందుకో బాగుంటుంది.

మమ్మల్ని ముగ్గుర్నీ పట్టి ఉంచింది ఆదివారం సినిమా. చర్చి నుంచి వచ్చి, కూర వండుకుని తిని, నాయన గొర్రెల దగ్గరికి పోయాక, రెండింటికి మా ఆట. ముగ్గురం మూడు ఊళ్ళలో ఒకే సినిమా తెరిచి పెట్టుకుంటాం. ముందు కాల్ కలుపుకుంటాం. పొట్టిది "ఒకటీ, రెండూ, మూడూ, ఒత్తండే" అంటుంది. ఒత్తుతాం. సినిమా నా ఫోనులో, చెవుల్లో ఇయర్‌ఫోన్. కాల్ అమ్మ ఫోనులో, స్పీకరు పెట్టి దిండు మీద. ఒక్కటే నియమం, ఆ సినిమా ఎవరూ ముందుగా చూడకూడదు. ఎవరి వంతు వస్తే వాళ్ళు ఎంచాలి, మిగతా ఇద్దరూ నోరు మూసుకుని చూడాలి.

చిక్కంతా మా ఊరి కొండతో వచ్చింది. అమ్మ ఫోనులో మాట బాగానే వినిపిస్తుంది. నా ఫోనులో మాత్రం కొండ చాటున సిగ్నల్ వచ్చీరానట్టు ఉంటుంది. హీరో నోరు తెరుస్తాడు, తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోతాడు, మధ్యలో గుండ్రం తిరుగుతుంది. అప్పటికే పొట్టిది పగలబడి నవ్వుతుంది, వెంటనే పొడుగుది నవ్వుతుంది. నవ్వు ముందు వచ్చి, జోకు తర్వాత వచ్చేది నాకు. ఆగండే అంటే మొదట్లో ఆగేవాళ్ళు. మాటిమాటికీ ఆగడం ఎవరికైనా విసుగే. పొట్టిది ఒకసారి పెద్దగా ఊపిరి వదిలింది, అంతే. ఆ రోజు నుంచి నేను ఆగమనడం మానేసి, వాళ్ళు నవ్వినప్పుడల్లా నవ్వడం నేర్చుకున్నాను. గుండ్రం తిరుగుతూనే ఉంటుంది, నేను నవ్వుతూనే ఉంటాను. అవ్వ మంచం మీద నుంచి తల ఎత్తి చూసి, "దీనికేమన్నా పట్టుకున్నాదా?" అనేది.

భయం నాది. నా వల్ల ఆట పాడవుతోందంటే వాళ్ళు మానేస్తారని భయం. ఇప్పటికే పొట్టిది జారిపోతోంది. ఒక ఆదివారం పరీక్ష, ఒక ఆదివారం కాలేజీ ఫంక్షను, మరో ఆదివారం "రూములో వాళ్ళు ల్యాప్‌టాప్‌లో వేరేది పెట్టినారే, మీరు చూసేయండి." ఆ ఒక్క మధ్యాహ్నం పోతే నాకు వారంలో ఎదురు చూడడానికి ఏముంది?

ఉపాయం చివరికి ఆత్మకూరు బస్టాండులో దొరికింది. అక్కడ సిగ్నల్ మా ఇంట్లోలా కాదు, పరుగెడుతుంది. శనివారం బస్సు కోసం నిలబడి ఆదివారం సినిమాను ఫోనులోకి దించుకున్నాను. తెరిచి చూడలేదు, నియమం నియమమే. ఈసారి ఎవరి వెనకా పడనని ఆ రాత్రి సంతోషంగా పడుకున్నాను.

ఆదివారం రెండింటికి పొట్టిది రాలేదు. ఫోను మోగి మోగి ఆగింది. "ఒకటీ, రెండూ, మూడూ" నేనే చెప్పాను. పొడుగుది "ఆఁ, ఒత్తినా" అంది. దాని వైపు నుంచి నీళ్ళ చప్పుడు వస్తోంది. ఏందే అంటే కుళాయి అంది.

సినిమా నీళ్ళలా సాగిపోయింది. కల్యాణ మండపంలో వంటవాళ్ళు అలిగి పోతారు, పెళ్ళికొడుకే గరిట పడతాడు. నేను జోకు పడ్డప్పుడే నవ్వాను. ఎన్ని వారాలకో ముందు నేను నవ్వాను, తర్వాత పొడుగుది నవ్వింది. మళ్ళీ నవ్వాను, మళ్ళీ నా తర్వాతే నవ్వింది. మొదట గర్వపడ్డాను. ఇంతలో నేను నములుతున్న వేరుశెనగ గింజ గొంతుకు అడ్డం పడి పొలమారింది, కీచుగా దగ్గాను. పొడుగుది గలగలా నవ్వింది. తెర మీద అప్పుడు పెళ్ళికూతురు దేవుడి పటం ముందు దణ్ణం పెట్టుకుంటోంది.

నాకు అనుమానం వచ్చింది. కాసేపటికి సినిమాలో తాత చనిపోయాడు. వసారాలో పడుకోబెట్టారు, దండ వేశారు, ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటున్నారు. నేను కావాలనే పకపకా నవ్వాను.

పొడుగుది కూడా నవ్వింది. "అబ్బా, భలే ఉండాది కదే ఇది" అంది.

సినిమా ఆపేశాను. "మే, ఇప్పుడు ఏ సీను నడస్తా ఉండాది?"

కుళాయి ఆగింది.

"నేను చూడ్డంలా" అంది.

"ఈ రోజా?"

"నెలైనాది. ఫోను మెట్ల మీద పడి డిస్‌ప్లే పోయినాది. ఇది రూమ్మేటు పాత ఫోను, బటన్లది. మాట్లాడేదానికి తప్ప దేనికీ పనికిరాదు."

"మరి నవ్వతా ఉండావు?"

"మీరు నవ్వితే నవ్వినా."

"చెప్పొచ్చు గదే మాకు."

"చెప్తే మీరిద్దరే చూసుకుంటారు. నా కోసరం ఎన్నాళ్ళని ఆగుతారు? ఆదివారం ఈడ అందరూ బయటికి పోతారు. నేను బట్టలు ఉతుక్కుంటా మీ నవ్వులు వింటా ఉంటా. వింజమూరు బస్సులో ఉన్నట్టే ఉంటాది మే."

ఏడుపు వస్తోందని దానికి తెలియకుండా ఫోను దిండు కిందకు నెట్టాను. మళ్ళీ బయటకు తీశాక, నా కొండ సంగతి, గుండ్రం సంగతి, నవ్వు ముందొచ్చే సంగతి అంతా చెప్పేశాను. పోయిన నెల సినిమాలు నాకూ సగమే తెలుసన్నాను. పొడుగుది నవ్వింది. కింద కూర్చుని నవ్వుతోందని గొంతులో తెలుస్తోంది. ఇద్దరం ఆపుకోలేక నవ్వాం. అవ్వ లేచి వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసి వెళ్ళింది.

"అయితే చెప్పు" అంది పొడుగుది చివరికి. "మొదటి నుంచి చెప్పు. ఆ పెండ్లి ఏమైనాది?"

ఇయర్‌ఫోన్ తీసేసి, సినిమా మళ్ళీ మొదటి నుంచి పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. పెళ్ళికొడుకు చొక్కా రంగు చెప్పాను, వంటవాడి మీసాలు చెప్పాను. తాత పోయినప్పుడు ఇద్దరం నవ్వలేదు. సినిమా అయ్యేసరికి పొద్దు వాలింది, నాయన గొర్రెలు తోలుకుని వచ్చాడు. ఫోను పెట్టేముందు పొడుగుది అడిగింది.

"అంతకు ముందువి కూడా చెప్పవా? వాటిల్లో ఏం జరిగినాదో నాకు తెలీనే తెలీదు."

చెప్తానన్నాను. పొట్టిది పొద్దుపోయాక ఒక మెసేజ్ పెట్టింది. సారీ అని, ఇకమీదట ఆదివారాలు కుదరకపోవచ్చని. ముద్దు బొమ్మలు చాలా పెట్టింది. దాని తప్పేం లేదు, దాని గదిలో మనుషులున్నారు. నేనూ ఒక బొమ్మ పెట్టాను. పొడుగుది నాతో ఉందన్నది నిజమే, అయినా ఆ రాత్రి నాకు చాలా దిగులుగా ఉంది. ఒత్తండే అనే గొంతు ఇక రాదు.

సోమవారం సాయంత్రం ఆత్మకూరు బస్టాండులో నిలబడి మా పాత ఆదివారాల సినిమాలన్నీ దించుకున్నాను. ఆదివారానికి చెప్పాలంటే ముందు నేను సరిగ్గా చూడాలి కదా. బస్సు మలుపు తిరిగింది. చెయ్యి దానంతట అదే కర్చీఫ్ విసిరింది. ఎక్కి, మధ్యలో కూర్చుని, ఇయర్‌ఫోన్ పెట్టుకుంటుండగా సీతారామపురం దాకా పోయే ఒక పెద్దామె కూరగాయల సంచీతో వచ్చి నిలబడింది. ఉదయగిరిలో మళ్ళీ బస్సు మారాలట, కాళ్ళు లాగుతున్నాయట. నా రెండు పక్కలా ఉన్న ఖాళీని చూసి అడిగింది.

"ఈడ ఎవురన్నా వస్తారా పాపా?"

"ఎవరూ రారు పెద్దమ్మా" అన్నాను. "కూర్చో."

ఆమెకు దారివైపు చోటు వదిలి నేను కిటికీ దగ్గరికి జరిగాను.