నజ్రాన్‌లో జెఫ్రీ దొర కాపలా

జెఫ్రీ దొర గురించి చెప్పాలంటే ముందు నా భయం గురించి చెప్పాల. నేను పిరికోణ్ణి. రాయచోటిలో పెండ్లి ఊరేగింపు వస్తాందంటే పటాసులకు జడిసి ఇంట్లోకి దూరేవాణ్ణి. మా ఇంటామె రహమత్‌బీ ఇప్పటికీ అది చెప్పి నలుగురిలో నవ్విస్తాది. అట్లాంటి నన్ను తీసకపోయి సౌదీలో, నజ్రాన్‌లో పడేసినాడు దేవుడు. నేను పోయిన ఎనిమిదేండ్లకు 2015 ఎండాకాలం వచ్చింది. నజ్రాన్‌కు దక్షిణాన కొండలు, కొండల అవతల యెమెన్. ఆ ఏడు ఆడ యుద్ధం మొదలై గుండ్లు కొండ దాటి మా పక్క పడబట్టినాయి.

నేను హాదీ అనే ఆసామి దగ్గర డ్రైవర్ను. ఆయనే నా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉండేది. ఆయనకు ఊరిబయట పెద్ద నారింజ తోట, నాలుగు లోతు బోర్లు. ఆ బోర్ల పంపులు చూసే ఇంజనీరే జెఫ్రీ దొర. ఇంగ్లండు మనిషి, డెబ్బై రెండేండ్లు, ముప్పై ఏండ్లుగా ఆ తోటలోనే కాపురం. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఎదురుగా సార్ అనేవాణ్ణి, వెనక దొర అనేవాణ్ణి, హాదీ మిస్టర్ అనేవాడు. ఆయన్ను కార్లో తిప్పడమే నా పని, మా ఇద్దరి మాటలూ అరబ్బీలోనే.

ఆయన గదిలో ఒక మంచం, ఒక రేడియో, వరసగా పంపుల లాగుబుక్కులు, గోడకు వాళ్ల రాణి ఫోటో. అంతే. పొద్దున్నే గడ్డం గీసుకోని, చొక్కా గుండీలన్నీ పెట్టుకోని, ఆ ఫోటో ముందర నిలబడి కొంచెం తల వంచి, అప్పుడు పనికి కదిలేది. జ్వరమొచ్చినా అంతే. లాగుబుక్కు మీదా అంతే భక్తి. గంటగంటకూ ప్రెజరెంత, మోటరు వేడెంత, ఎవరొచ్చినారు, ఎవరు పోయినారు, అన్నీ రాసేవాడు. బుక్కులో ఎక్కంది జరగనట్టే లెక్క ఆయనకు.

"సార్, ఆ రాణికి మీరు తెలుసా?" అని ఒకసారి అడిగినా.

"ఆమెకు నేను తెలియాల్సిన పనేముంది? పద్దెనిమిదేండ్లప్పుడు పట్టాళంలో చేరి కసమ్ తిన్నా, నేను ఆమె మనిషినని ఒట్టేసినా. ఆ కసమ్ వెనక్కి తీసుకోలేదు," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఆమె ఆడ హాయిగా కోటలో ఉంటే ఈయన ఈడ ఇసకలో నిలబడి తల వంచుతాండాడే అనుకున్నా. అప్పటికింకా గుండ్లు పడలేదులే, నవ్వులాట సాగింది.

మే నెల్లో పడింది మొదటి గుండు. బళ్లు మూసేసినారు, విమానాలు ఆపేసినారు. తోటలో పనిచేసే బంగ్లాదేశోళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. హాదీ పెండ్లాంబిడ్డల్ని తీసుకోని ఖమీస్ టౌనుకు పోయినాడు. నాకు తిండి సయించలేదు. గుండు వచ్చేముందు గాలి చిరిగినట్టు ఒక చప్పుడొస్తాది చూడు, అది విని విని మా గదిలో ఫ్యాన్ తిరిగినా ఉలిక్కిపడేవాణ్ణి. ఫోన్లో రహమత్‌బీ ఒకటే పాట, "బతికుంటే బలుసాకు తినొచ్చు, వచ్చేయి." ఎట్ల వచ్చేది? పాస్‌పోర్టు బీరువాలో, బీరువా తాళం హాదీ జేబులో, హాదీ ఖమీస్‌లో.

రంజాన్ ఇంకా అయిదు రోజులుందనగా మధ్యాన్నం హాదీ ఫోన్ చేసినాడు. "పొద్దుగూకి మగ్రిబ్ అయ్యే కల్లా పోలీసులు రోడ్డు మూసేస్తారంట. కారు తీసుకోని వచ్చేయి. మిస్టర్ లేకుండా మాత్రం రావద్దు. ఆయన అక్కడ చస్తే నేను లోకానికి మొహం చూపించలేను."

సంతోషంగా గదికి ఉరికినా. చూస్తే దొర ఉన్ని సూటు వేసుకోని, టై కట్టుకోని, గ్లాసులో దానిమ్మ రసం పట్టుకోని నిలబడి ఉండాడు. ఆ పొద్దు వాళ్ల సర్కారు రాణి పుట్టినరోజు జరిపే పండగంట.

"సార్, పోదాం పా. రోడ్డు మూసేస్తారు."

"నువ్వు పో ఖాజా. మూడు రోజులు నీళ్లాగితే తోట చచ్చిపోతుంది. నేను కాపలా వదలను. ఈ పొద్దు అసలు వదలను."

బతిమాలినా. హాదీ మాట చెప్పినా. నా బిడ్డ హఫ్సా ఫోటో ఫోన్లో చూపించి ఏడ్చినా. సిగ్గేముంది, ఏడ్చినా. ఆయన దానిమ్మ రసం తాగి గ్లాసు కడిగి బోర్లించినాడు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. మా ఊర్లో పీర్ల పండగప్పుడు మనుషుల్ని ఎవరూ పిలవరు. ముజావరు పీరును ఎత్తుకోని చావిడి దాటినాడంటే చాలు, హిందువులు తురకలు అందరూ వెంట నడవాల్సిందే. కాళ్లు లేనోడు కూడా పాక్కుంటా వస్తాడు. ఈయన పీరు ఆ గోడ మీదుంది కదా అనుకున్నా. దొర మీటరు చూడ్డానికి పంపుషెడ్లోకి పోంగానే రాణి ఫోటో మేకు నుంచి తీసి, తువ్వాల చుట్టి, కార్లో ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టినా. ఇంజన్ వేసి హారన్ కొట్టినా.

దొర బయటికొచ్చినాడు. కారు చూసినాడు, లోపల రాణిని చూసినాడు. నేను డోరు తెరిచి పట్టుకున్నా. ఆయన కదలలేదు.

"మంచి పని చేసినావు. ఆమె ఉండాల్సిన చోటు కాదిది," అని గది గడపలో నిటారుగా నిలబడినాడు. మా పీరు వెంట జనం నడుస్తారు. వాళ్ల పీరును పంపించి జనం కాపలా ఉంటారని నాకేం తెలుసు?

ఇంతలో గాలి చిరిగిన చప్పుడు. పక్కతోటలో పడింది. మట్టి, ఆకులు, నారింజకాయలు మా మీద కురిసినాయి. చెవులు గుయ్యిమన్నాయి. ఆ తర్వాత నేను ఏం చేసినానో నా కాళ్లకే తెలుసు. కార్లో పడి, తెరిచిన డోరు తెరిచినట్టే, గేటు దాటి ఉరికించినా. వెనక్కి చూడలేదు. ముసలాయన బతికినాడా పోయినాడా అని కూడా చూడలేదు.

ఇరవై కిలోమీటర్ల దూరంలో చెక్‌పోస్టు. సిపాయి పిల్లోడు లోపలికి తొంగి చూసినాడు. తువ్వాల జారిపోయి రాణి కిరీటం పెట్టుకోని నవ్వుతా ఉంది.

"ఎవరీమె?"

"మా మిస్టర్ వాళ్ల ఇంటి పెద్దావిడ," అన్నా.

"మరి మిస్టర్ ఏడీ?"

ఊరికే అడిగినాడు వాడు, నా ఇఖామా, అదే సౌదీలో ఉండే పర్మిట్టు, తిప్పి చూస్తా. ఎనిమిదేండ్లు ఆ మనిషి చేతి టీ తాగినా. నాకు కామెర్లయితే జెద్దా దాకా వచ్చి ఆసుపత్రిలో నా మంచం పక్కన కుర్చీలో తొమ్మిది రోజులు కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన గడపలో ఉండాడు, ఆయన రాణి నా పక్క సీట్లో ఉంది, నేను ఉరుకుతాండా.

"మర్చిపోయినా," అన్నా. సిపాయి నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూసినాడు.

వెనక్కి తిప్పినా. ధైర్యం వచ్చి తిప్పినానని ఎవరూ అనుకోవద్దు. దారి పొడుగునా గట్టిగా కలిమా చదువుకుంటా, ఆయన చచ్చిపోయి ఉంటాడేమో, నేనే చూడాల్సి వస్తాదేమో అని ఏడుస్తా పోయినా. ఇంకో రెండు గుండ్లు ఎడమపక్క కొండకింద పడినాయి. ఒక చోట కారు ఆపి వాంతి చేసుకున్నా.

గేటు దగ్గరికి పోయేసరికి దొర అదే గడపలో ఉండాడు. సూటు నిండా మట్టి, నుదుటి మీద కొంచెం నెత్తురు. చేతిలో లాగుబుక్కు.

"వెనక్కొచ్చినావు," అన్నాడు.

"సార్, నేను..."

ఆయన నా మొహం చూసినాడు. తర్వాత పోయి నాలుగు వాల్వులూ తెరిచి, ఉన్నన్ని నీళ్లు తోటకు వదిలినాడు. లాగుబుక్కులో ఏదో రాసి సంతకం పెట్టినాడు. కార్లో వెనక సీట్లో కూర్చోని, రాణిని ఒళ్లో పెట్టుకోని, "పోనీ," అన్నాడు.

"కాపలా వదిలేస్తారా సార్?"

"నేను ఉంటే నువ్వూ ఉంటావు. నా ప్రాణం మీద ఆమెకు హక్కుంది. నీ ప్రాణం మీద నాకు లేదు."

చెక్‌పోస్టు దాటినాక నోరు విప్పినాడు. ఇరవై రెండేండ్లప్పుడు ఆయన ఈ కొండల అవతలే, అప్పుడు ఇంగ్లీషోళ్ల చేతిలో ఉన్న అడెన్‌లో సిపాయంట. ఒక పొద్దు కాపలాలో ఉండంగా బాంబు పడింది. తుపాకి పారేసి పారిపోయి రెండు రోజులు చేపల గోడౌన్లో దాక్కున్నాడు. దొరికితే జైలే. కెప్టెన్ మాత్రం డ్యూటీ బుక్కులో, 'నేనే వీణ్ణి పని మీద పంపినా' అని రాసినాడంట.

"ఆ అబద్ధం మోసుకోని తిరుగుతాండా యాభై ఏండ్లుగా. మళ్లీ ఏ కాపలా వదల్లేదు. ఎవరికీ చెప్పుకోలేదు, నా భార్యకు కూడా," అన్నాడు. నేను అద్దంలో చూడలేదు.

ఆ వారమే ఇంగ్లండుకు పోయినాడు. పోతా పోతా ఆ లాగుబుక్కు నా చేతిలో పెట్టినాడు. హాదీ పాస్‌పోర్టిచ్చి నన్నూ ఇంటికి పంపినాడు. మూడేండ్లకు దొర చనిపోయినాడని తెలిసింది. నాకు ఇంగ్లీషు రాదు, ట్రంకులో అడుగున పెట్టినా ఆ లాగుబుక్కును. మొన్న ట్రంకు సర్దుతా డిగ్రీ చదివే హఫ్సా బయటికి తీసింది. చివరి పేజీ చదివి తెలుగులో చెప్పింది.

"మూడు ఇరవై. పక్కతోటలో గుండు పడింది. రోడ్డు చూసి రమ్మని నా ఆర్డర్ మీద ఖాజావలిని చెక్‌పోస్టుకు పంపినా. అయిదు పది. ఖాజావలి తిరిగి వచ్చినాడు."

బిడ్డ మొహం వెలిగిపోయింది. "నాయనా, గుండ్లు పడతాంటే దొర నిన్ను పంపినాడా? మాకెప్పుడూ చెప్పలేదే!" రహమత్‌బీ కూడా వంటింట్లోంచి వచ్చి నిలబడింది. నా పిరికితనం మీద నవ్వని మొహంతో ఆమె నన్ను చూడ్డం అదే మొదలు.

ఊరుకుంటే సరిపోయేది. దొర యాభై ఏండ్లు మోసినాడు. నాకంత సత్తువ లేదు.

"ఆయన పంపలేదు బిడ్డా. పారిపోయినా. ఆయన్ను వదిలేసి పారిపోయినా."

హఫ్సా నన్ను చూసింది, మళ్లీ బుక్కు చూసింది. ఆఖరి వరస మీద వేలు పెట్టింది.

"ఇది కూడా అబద్ధమేనా నాయనా? అయిదు పదికి తిరిగొచ్చింది?"

"అది నిజమే," అన్నా.