గ్రైండర్ చెప్పులు

పొద్దున మా కోడలి వంటింట్లో గ్రైండర్ పక్కన ఒక జత రబ్బరు చెప్పులు చూసి, ఇవి ఇక్కడెందుకని అడిగాను.

"గ్రైండర్ ముట్టుకుంటే కరెంటు కొంచెం జుమ్మంటాది మామా. చెప్పులేసుకుంటే ఏం కాదులే," అంది.

నా ఈడువాళ్లారా, మీ ఇళ్లలోనూ ఉండేవి కదా ఈ గ్రైండర్ చెప్పులు? మా అమ్మ, చెప్పులతో వస్తే కలెక్టరునైనా వాకిట్లోనే నిలబెట్టే మనిషి. (కళ్యాణదుర్గం నుంచి వచ్చిన శనక్కాయల వ్యాపారి ఒకాయన అలిగి కాఫీ తాగకుండానే పోయాడు, అది వేరే కథ.) అలాంటి అమ్మే ఒక జతను కడిగి వంటింట్లో పెట్టుకుంది.

పెరట్లో, లీకైన కరెంటు భూమిలోకి పోయేందుకు ఉప్పు, బొగ్గులు వేసి పూడ్చిన ఎర్తు గుంత ఉండేది. దాన్ని ఎండనివ్వకుండా నీళ్లు పోయమన్నాడు కరెంటు పనివాడు.

"మనుషులకే నీళ్లు లేవు, గుంతకు యాడ తెచ్చేదప్పా?" అన్నాడు నాయన.

ఆ ఎండాకాలం మా మేనత్త వచ్చింది. పిండి రుబ్బబోతూ, "వంటింట్లో చెప్పులేంది వదినా, అసింకంగా!" అని వాటిని బయటికి విసిరేసి, తడిచేత్తో గ్రైండర్ పట్టుకుంది. చేయి ఊడి రాలేదు. నాయన మెయిన్ ఆపేసరికే ప్రాణం పోయింది.

"చెప్పులేసుకోనుంటే బతికేది," అన్నారు వచ్చిన వాళ్లందరూ. ఎండిపోయిన గుంత మాట ఒక్కరూ ఎత్తలేదు.

అందుకే ఈ పొద్దున నేను మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేశాను.

"పిండి సగంలో ఉండాది మామా! చెప్పులేసుకున్నా గదా!"

"అవి వాకిట్లో పెట్టు తల్లీ. ఎర్తు బాగుచేసేదాకా ఈ ఇంట్లో దోసెలొద్దు."