తాత పెయ్యికి సబ్బు

ఆ రోజుల్లో సబ్బంటే ఇంటికొకటి. గుంటూరు వైపు మా ఊళ్ళో, మిషను కాంపౌండు పక్కనున్న మా ఇంట్లో ఇంటిల్లిపాదీ ఒకే ఎర్ర సబ్బుతో పెరిగాం. అది అరిగి అరిగి గోరంత అయ్యాక మా అమ్మ దాన్ని కొత్త సబ్బు వీపుకి అతికించేసేది. అందుచేత మా ఇంట్లో సబ్బుకు పుట్టుకే కానీ చావు ఉండేది కాదు. ఇక ఇష్టమైన సబ్బు అనే మాట ఎవరైనా నోరుజారి అంటే, "ఓహో, దొరగారికి ఏ సబ్బు కావాలో!" అని మా నాన్న వీపు మీద ఒక్కటిచ్చేవాడు. ఇప్పుడు మా అమ్మాయి స్నానాలగదిలో సీసాలు వరసగా నిలబడి ఉంటాయి. ఒకటి పొద్దుటికి, ఒకటి సాయంత్రానికి, ఇంకొకటి ఎందుకో దానికే తెలియదు. మొన్న ఆ సీసాల మధ్య నిలబడి, "నాన్నా, నీ ఫేవరెట్ ఏది?" అని అడిగింది. నేను నవ్వేశాను. ఇష్టమైన సబ్బు వెతికే పని నేను ఒక్కసారే చేశాను, అదీ నా కోసం కాదు. ఆ సంగతి తలుచుకుంటే ముందు నవ్వొస్తుంది, వెనకాలే ఏడుపొస్తుంది. నవ్వు వరకే చెప్పి ఆపేద్దామని చాలాసార్లు చూశాను కానీ, ఏనాడూ ఆపలేకపోయాను.

డిగ్రీ అయ్యీ అవగానే ఆబిడ్స్‌లో ఒక పెద్ద దుకాణంలో నాకు ఉద్యోగం దొరికింది. సబ్బులు, పౌడర్లు, సెంట్లు అమ్మే కౌంటరు. మొదటి నెల తిరక్కుండానే నేను సబ్బుల్లో పండితుణ్ణైపోయాను. కళ్ళు మూసుకుని, పైన కాగితం విప్పకుండానే వాసన పట్టి, ఇది గంధం, ఇది మల్లె, ఇది నిమ్మ అని చెప్పేసేవాణ్ణి. (ఒకసారి ఫినాయిల్ బిళ్ళని గులాబీ అన్న మాట నిజమే. ఆ రోజు నాకు జలుబు.) "మీ స్కిన్‌కి ఇది సూటవుతుంది మేడం" అని నేను గంభీరంగా చెబుతుంటే, కారుల్లో వచ్చే వాళ్ళు కూడా తలూపేవారు. చెబుతున్నవాడి చర్మం ఎర్ర సబ్బు తప్ప ఇంకోటి ఎరగదని వాళ్ళకేం తెలుసు!

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఇంటివాళ్ళు మెదక్ పల్లెల నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ ముసలి దంపతులు, పిల్లలు లేరు. ఆయన్ని సందంతా పహిల్వాన్ తాత అనేవారు. వయసులో తాలీంలో కుస్తీ పట్టి, తర్వాత స్టేషన్లో మూటలు మోసిన మనిషి. ఆవిడని నేను అవ్వా అని పిలిచేవాణ్ణి. నేను దిగడానికి కొద్ది రోజుల ముందే తాతకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి, మాట ముద్ద అయింది. గోడ పట్టుకుని నడిచేవాడు. వాకిట్లో నులకమంచం మీద గోడవైపు తిరిగి కూర్చునేవాడు, ఎవరొచ్చి పలకరించినా పలికేవాడు కాదు. అంత పెద్ద ఛాతీ ఉన్న మనిషి అలా ముడుచుకుని కూర్చుంటే చూడబుద్ధి అయ్యేది కాదు.

ఒక పొద్దున నేను డ్యూటీకి బయలుదేరుతుంటే అవ్వ గడపలో ఆపింది.

"బిడ్డా, నువ్వు సబ్బుల దుకాన్ల జేస్తవ్ గద. మీ తాత పెయ్యికి ఓ మంచి సబ్బు తేరాదూ. నెల సంది సక్కగ కడుగక జిడ్డు వట్టింది."

తెలంగాణలో పెయ్యి అంటే ఒళ్ళు. ఈ ముక్క నాకు అప్పుడు తెలియదు. మా వైపు పెయ్య అంటే ఆడదూడ. సందు చివర ఒక బర్రెల కొట్టం ఉండేది, రోజూ ఆ పక్కనుంచే ముక్కు మూసుకుని పోయేవాణ్ణి. ఓహో, అందులో తాతకీ ఒక దూడ ఉందన్నమాట, పాపం ఈయన మంచాన పడ్డాక దాన్ని కడిగే దిక్కు లేదు కాబోలు అనుకున్నాను. ఇంకో మాట అడిగి ఉంటే సరిపోయేది. కానీ సబ్బు గురించి నేను ఒకరిని అడగడమా?

మా దుకాణంలో దూడల సబ్బు లేదు. సాయంత్రం అఫ్జల్‌గంజ్ పోయి పశువుల మందుల షాపు పట్టుకున్నాను. షాపాయన కళ్ళద్దాలు పైకి తోసి నన్ను ఎగాదిగా చూశాడు.

"దూడకు ఉమర్ ఎంత?"

"తెలియదండి. మా ఇంటివాళ్ళది."

"బీమార్ ఉన్నదా?"

"నెల రోజుల్నుంచి కడగలేదటండి, జిడ్డు పట్టిందట."

"అరే, పిడుదులు వట్టినట్టున్నయ్ భాయ్. గిది దీస్కపో. కండ్లల్ల పోనియ్యకు. రుద్దేటప్పుడు మూతి కట్టు, లేకుంటే నాకుతది."

నేను సబ్బు తెచ్చి అవ్వ చేతిలో పెట్టాను. పైన కాగితం మీద ఆవు బొమ్మ. అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"గీ ఆవేంది బిడ్డా?"

"పిడుదులు కూడా పోతాయట అవ్వా. కానీ రుద్దేటప్పుడు మూతి కట్టాలట, లేకపోతే నాకేస్తుందట."

"ఎవల మూతి?"

"పెయ్యది."

"పెయ్యికి మూతేంది బిడ్డా? మీ తాత పెయ్యికి గద నేను తెమ్మన్నది!" అని ఆవిడ మంచం మీదున్న తాతని భుజం మీద తట్టి చూపించింది. ఆయన గుండెలు, చేతులు, వీపు చూపించింది. నాకు ఒక్కొక్కటే అర్థమవుతోంది, చెవులు వేడెక్కుతున్నాయి. అంతలో మంచం మీద నుంచి ఏదో చప్పుడు. తాత నవ్వుతున్నాడు. ముఖంలో ఎడమ సగమే నవ్వుతోంది, కుడి సగం అలాగే ఉంది. కళ్ళలోంచి మాత్రం రెండువైపులా నీళ్ళు కారుతున్నాయి. ఆపి, ఊపిరి పీల్చుకుని, నన్ను వేలితో చూపించి, "దూ... డ" అన్నాడు. మళ్ళీ నవ్వు. అవ్వ కూడా నవ్వి నవ్వి, చివరికి కొంగు నోట్లో కుక్కుకుంది. "గీ మనిషి నోట్లకెల్లి సప్పుడు ఇని ఎన్ని దినాలైంది బిడ్డా" అని అక్కడే కూలబడి ఏడ్చేసింది. ఆ ఇంట్లో ఆ రోజు నుంచి నా పేరు దూడ.

అసలు సంగతి ఏమిటంటే తాత సరిగ్గా స్నానం చేయడం లేదు. అవ్వ నీళ్ళు పోసి రుద్దుతానంటే లోపలికి రానివ్వడు, తలుపు పెట్టుకుంటాడు. సబ్బు నచ్చితేనన్నా చక్కగా చేస్తాడేమోనని ఆవిడ ఆశ. ఇక నేను ఊరుకుంటానా! గంధం సబ్బు తెచ్చాను. తాత దాంతో లోపలికి పోయి, చాలాసేపటికి బయటికి వచ్చి, ముద్దముద్దగానే, "వాసన మంచిగ లేదు, ఇంకోటి తే" అన్నాడు. మల్లె తెచ్చాను. "ఇంకోటి తే." నిమ్మ, వేప, పసుపు, పిల్లల సబ్బు, ఆఖరికి బేగం బజార్ హోల్‌సేల్ కొట్లన్నీ గాలించి అత్తరు వాసనేసే సబ్బు కూడా తెచ్చాను. దేనికైనా అదే జవాబు. తాత వద్దన్న సబ్బుల్ని పారేయలేక అవ్వ నాకే ఇచ్చేసేది, "నువ్వన్న రుద్దుకో బిడ్డా" అని. దాంతో నేను సోమవారం మల్లె, మంగళవారం వేప, బుధవారం చంటిపిల్లాడు. కౌంటర్లో ఆడపిల్లలు నేను రాగానే ముక్కు ఎగబీల్చి, "ఇయ్యాల ఏం ఫ్లేవర్ సార్?" అనేవాళ్ళు. అంతకన్నా నన్ను కోసేసింది ఏమిటంటే, నా అంత పండితుడు ఒక ముసలాయన ముక్కుకి నచ్చే సబ్బు తేలేకపోవడం.

ఒక ఆదివారం చర్చికి తయారవుతున్నాను. నా గదికీ వాళ్ళ స్నానాలగదికీ మధ్య ఒక్క పలుచటి గోడ. అవతల టప్‌మని చప్పుడయింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత చెంబు దొర్లింది, ఏదో నేల మీద గీసుకుంది. ఆ తర్వాత తాత గొంతు, చాలా చిన్నగా, ఎవరినో బతిమాలుతున్నట్టు. "ఏడికి వోయినవ్ ర... దా... జర దా." లోపల ఇంకెవరున్నారా అని నేను గోడకి చెవి ఆనించాను. "దా ర బిడ్డా... అందుత లేవు గద." ఆయన మాట్లాడుతున్నది సబ్బుతో. అది ఏ బకెట్ వెనకకో జారిపోయింది. వంగితే లేవలేడు, కుడి చేత్తో పట్టుకోలేడు. చాలాసేపు చూసి, ఉత్త నీళ్ళు పోసుకుని, తల తుడుచుకుంటూ బయటికొచ్చి, "వాసన మంచిగ లేదు" అన్నాడు. అవ్వ లోపలికి పోయి ఆ సబ్బు తెచ్చి ఎప్పటిలాగే నాకిచ్చింది. చూస్తే మీద అచ్చు వేసిన అక్షరాలు కొత్తగా అలాగే ఉన్నాయి. ఒక మూల మాత్రం సొట్టపోయింది. ఇన్నాళ్ళూ నాకిచ్చిన సబ్బులన్నీ అంతే, అక్షరాలు చెరగని సబ్బులే. నేను వాసనలు చూసుకుంటూ కూర్చున్నానే తప్ప ఆ అక్షరాలు ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చర్చికి పోలేదు. తలుపేసుకుని ఏడ్చాను.

మధ్యాహ్నానికి ఒక ఆలోచన వచ్చింది. సబ్బుకి కన్నం పెట్టి తాడు కడితే? మేకు కాల్చి గుచ్చాను, గంధం సబ్బు రెండు ముక్కలైంది. మల్లె సబ్బు మూడు ముక్కలైంది. గదంతా పొగ, పొగంతా మల్లె. అవ్వ తలుపు కొట్టి, "ఏం వండుతున్నవ్ బిడ్డా?" అని అడిగింది. చివరికి సైకిల్ పుల్లతో మెల్లగా తొలిస్తే ఇంకో గంధం సబ్బు నిలిచింది. నల్లటి మొలతాడు కొనుక్కొచ్చి అందులో గుచ్చి తాత దగ్గరికి తీసుకెళ్ళాను.

"తాతా, ఇది కొత్త మోడల్. ఫారిన్‌లో అందరూ మెళ్ళో వేసుకుని చేస్తారట."

తాత సబ్బు వంక చూశాడు, నా వంక చూశాడు. నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలిసిపోయింది. తలొంచుకున్నాను.

"బర్రెకు గంట గట్టినట్టు నాకు గడ్తవా దూడా?" అన్నాడు. అంటూనే మెడ ముందుకు చాచాడు.

ఆ రోజు లోపల నీళ్ళ చప్పుడు ఎంతసేపు విన్నానో! టప్‌మన్న శబ్దం లేదు, బతిమాలడం లేదు. బయటికొచ్చినప్పుడు చెవి వెనకాల నురగ మిగిలిపోయి ఉంది. అవ్వ కొంగుతో తుడవబోతే ఎడమ చేత్తో ఆపేశాడు. "గిది మంచిగుంది. గిదే తే" అన్నాడు నాతో. (మొట్టమొదట వాసన బాగోలేదన్న గంధం రకమే అది.) సాయంత్రం పౌడరు రాసుకుని, నా భుజం పట్టుకుని, సందు మొగలో ఇరానీ హోటల్ దాకా నడిచాడు. పాత దోస్తులు లేచి కుర్చీ వేశారు. నేను ఎంత పొంగిపోయానంటే, మర్నాడు కౌంటర్లో ఈ తాడు సబ్బు కనిపెట్టింది నేనేనని కొనడానికి వచ్చిన వాళ్ళకి కూడా చెప్పుకున్నాను.

అవ్వ మాత్రం రెండు రోజులు ముభావంగా ఉంది. ఏమైందని అడిగితే బియ్యంలో రాళ్ళు ఏరుతూ చెప్పింది. "మంచి పనే జేసినవ్ బిడ్డా. నాకే జర రందైంది. పెండ్లైన కాన్నుంచి గీ మనిషి వీపు రుద్దనియ్యలే. నేనేమన్న చంటిపోరగాన్నా అంటడు. చెయ్యి వడిపోయినంకనన్న నన్ను పిలుస్తడనుకున్న. పిలువలే." ఆ వయసులో ఆ మాట నాకు ఎక్కలేదు. ఇంత పెద్ద సమస్య తీర్చేస్తే ఈవిడకేం బాధ అని లోపల కొంచెం నొచ్చుకున్నాను కూడా.

చలికాలం మొదట్లో ఒక పొద్దున తాత నిద్రలేవలేదు. ఊరి నుంచి చుట్టాలు వచ్చిన్రు, వచ్చిన్రు అని ఎవరో అంటూనే ఉన్నారు, వాకిలంతా జనం. ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి రెండు పక్కలా ఇద్దరు పట్టుకున్నారు. వేడి నీళ్ళు మోసే పని నాకప్పజెప్పారు. అవ్వ స్నానాలగదిలోకి పోయి సబ్బు తెచ్చింది.

"పసుపు నీళ్ళు చాలు వదినా, సబ్బెందుకు?" అన్నాడు ఆమె మరిది.

"నువ్ జరుగు" అంది అవ్వ. తాడు పళ్ళతో తెంపి పారేసింది. వెనక్కి పోయి, ఆయన వీపు మీద చెయ్యి వేసి, మెల్లగా రుద్దడం మొదలుపెట్టింది. మెడ నుంచి నడుము దాకా, ఈ భుజం నుంచి ఆ భుజం దాకా. "ఏమయ్యా, గిప్పుడేమంటవ్? తలుపు వెట్టుకుంటవా? వెట్టుకో సూస్త" అంది. ఎవరో కిసుక్కుమని నవ్వబోయి ఆగిపోయారు. "ఎంత వీపయ్యా నీది! గింత వీపు ఒక్కనివే ఎట్ల రుద్దుకున్నవ్?" అంటూ రుద్దుతూనే ఉంది. పట్టుకున్నవాళ్ళు ముఖాలు పక్కకి తిప్పుకున్నారు. నీళ్ళు పొయ్యమని మరిది నాకు సైగ చేశాడు. నేను చెంబెత్తాను. "జర ఆగు బిడ్డా, ఇంకింతసేపు" అంది అవ్వ. నేను చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆవిడ చాలన్నాకే నీళ్ళు పోశాను.

కర్మ అయ్యాక అవ్వ తమ్ముడి ఊరికి వెళ్ళిపోయింది. నేను గది మారాను, ఉద్యోగం మారాను, సబ్బుల పాండిత్యం అంతా మరిచిపోయాను. పెళ్ళైన కొత్తలో ఒకనాడు మా ఆవిడ స్నానాలగది తలుపు బయట నిలబడి, "వీపు అందడం లేదా ఏంటి? రుద్దనా?" అని అడిగింది. రెండు చేతులూ నిక్షేపంగా ఉన్న ముప్ఫై ఏళ్ళవాణ్ణి, గడియ తీసి, "అందడం లేదు" అన్నాను. ఇన్నేళ్ళుగా అదే అబద్ధం చెబుతున్నాను. ఆవిడ రుద్దేది ఏ సబ్బో మాత్రం నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు.