తమ్ముడి స్లైడ్

మా అమ్మ చల్లనీళ్లు తాగదు. రోహిణి ఎండల్లో కూడా కాచిన నీళ్లే, అవీ గోరువెచ్చగా ఉండగానే తాగుతుంది. చిన్నప్పుడు అది ఆమెకు ఇష్టమేమో అనుకున్నాను. కాదని తెలిసేసరికి నాకు పదేళ్లు.

తమ్ముడు పుట్టింది మహబూబాబాద్ దగ్గర, నర్సింహులపేట అవతల మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో, నడి ఎండాకాలం. మా వైపు బాలింతకు చల్లనీళ్లు ఇవ్వరు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం అమ్మ దాహం ఆగక, మట్టి రంజన్‌లోని చల్లనీళ్లలో చెంబు ముంచుకుని గటగటా తాగేసింది. తమ్ముడికి పుట్టిన నాటి నుంచే ఆయాసం, ముక్కు కారడం. అయినా తప్పంతా ఆ చెంబు మీదే పడింది. "బాలింత నోరు కట్టుకోకపోతే గిట్లనే అయితది. పోరని రొమ్ముల సర్ది కూసున్నది" అని మా బాపమ్మ, అంటే నాన్న తల్లి, పోయేదాకా అంటూనే ఉంది. నాన్న ఒక్కనాడూ ఊరుకోమ్మా అనలేదు. ఆ విషయంలో నాన్న మీద నాకు ఇప్పటికీ కోపమే. అమ్మ మాత్రం ఎవరూ వేయని శిక్ష తనకు తానే వేసుకుని చల్లనీళ్లు మానేసింది.

జనగామలో మా ఇల్లు స్టేషన్‌కు దగ్గరే. కానీ నేను రోజూ లేచింది రైలు కూతకు కాదు, అమ్మ తమ్ముడిని మోకాళ్ల మీద బోర్లా వేసుకుని వీపు చరిచే చప్పుడుకు. కఫం తెగి బయటికి వస్తే తప్ప వాడు బడికి పోలేకపోయేవాడు. దగ్గుతాడని బడిలో వాణ్ణి చివరి బెంచీలో కూర్చోబెట్టారు. వాడు అక్కడ కూర్చునే లెక్కలు నేర్చుకుని, చివరికి భూపాలపల్లిలో లెక్కల సారు అయ్యాడు.

ఒకసారి పిల్లనిస్తామని వచ్చినవాళ్లు వాడి దగ్గు చూసి వెనక్కి పోయారు. ఆ సాయంత్రం వాడు అమ్మ మీద విరుచుకుపడ్డాడు. "నువ్వు గా చెంబెడు నీళ్లు తాగకుంటే నా బతుకు గిట్లయితుండెనా?" అమ్మ వెళ్లి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. మర్నాటి నుంచి వాడు మామూలుగానే ఉన్నాడు. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

అప్పటికి నేను హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో పని చేస్తున్నాను. మన ముక్కులో, ఊపిరితిత్తుల దారిలో కణాల మీద కంటికి ఆనని సన్నని నూగు ఉంటుంది. కఫాన్ని ఊడ్చి పైకి తోసేది అదే. ఆ నూగు లోపల ఏ ప్రొటీన్ ఎక్కడుందో చూడటం నా పని. మామూలు మైక్రోస్కోప్‌లో ఒక్కో వెంట్రుక మసక గీతలాగే కనిపిస్తుంది. మా దగ్గరున్న కొత్తది వేరు. అందులో ప్రొటీన్లకు అంటించిన రంగు ఒక్కసారే వెలగదు. కొన్ని కొన్ని చుక్కలే వెలిగి ఆరిపోతుంటాయి. అలా వేల ఫొటోలు తీసి, ఒక్కో చుక్క సరిగ్గా ఎక్కడుందో గుర్తుపెట్టి, అన్నీ కలిపితే అసలు బొమ్మ వస్తుంది.

ఒకసారి తమ్ముడికి ఎక్స్‌రే తీస్తే గుండె కుడివైపు కనిపించింది. ఫిల్మ్ తిరగబడిందేమోనని డాక్టరు రెండుసార్లు తిప్పి చూశాడట. ఫిల్మ్ సరిగ్గానే ఉంది. పుట్టుకతోనే ఈ నూగు కదలనివాళ్లలో కొందరికి గుండె అటువైపు ఉంటుందని నేను చదివాను. తప్పు నీళ్లది కాదని ఆ రోజే అమ్మకు చెప్పాల్సింది. చెప్పలేదు. రుజువు చేతికి రాకుండా నోరు తెరవొద్దని నేర్పిన చదువు నాది. తగలబెట్టాలి అట్లాంటి చదువును.

ఒక ఆదివారం జనగామ వెళ్లి, చిన్న బ్రష్‌తో తమ్ముడి ముక్కులోంచి కణాలు తీసుకున్నాను. "నా చీమిడికి గింత డిమాండ్ ఉన్నదా అక్కా?" అని నవ్వాడు, నవ్వుతూనే దగ్గాడు. పోల్చి చూడటానికి జబ్బు లేనివాళ్లవి కావాలి కాబట్టి నా ముక్కులోంచీ తీశాను. రెండింటినీ చెరో గాజు స్లైడు మీద పరిచి ల్యాబ్ ఫ్రీజర్‌లో పెట్టాను.

ఏడు నెలలు అవి అక్కడే ఉన్నాయి. మైక్రోస్కోప్‌కు క్యూ ఉంటుంది, అది నిజమే. కానీ నా వంతు వచ్చిన ప్రతిసారీ నా రీసెర్చ్ పేపర్‌కు కావలసిన స్లైడ్లే పెట్టుకున్నాను. అది ఇంకా నిజం. "నా ముక్కు ఏమన్నదక్కా?" అని వాడు ఫోన్ చేసేవాడు. "లైన్ల ఉన్నది తమ్మీ" అనేదాన్ని. చలికాలం చివర్లో వాడికి న్యుమోనియా వచ్చింది. వరంగల్ దవాఖానలో పదకొండు రోజులు ఉన్నాడు. తర్వాత లేడు. వాడికి ముప్పై ఒక్కేళ్లు.

దినాలు అయ్యాక ల్యాబ్‌కు వచ్చి, స్లైడ్లకు రంగులు అంటించి, ఒక మధ్యాహ్నం మైక్రోస్కోప్ గదిలో లైట్లు తీసి కూర్చున్నాను. మొదట నాది పెట్టాను. నూగును కదిలించే ప్రొటీన్ ఆకుపచ్చ చుక్కలుగా ప్రతి వెంట్రుక పొడుగునా వరస కట్టింది. తర్వాత తమ్ముడిది. వెంట్రుకలు నిండుగానే ఉన్నాయి. వాటిలో ఆకుపచ్చ లేదు. ఉన్నదంతా కింద, కణంలోనే కుప్పగా పడి ఉంది. ఒకే అమ్మకు, ఒకే నాన్నకు పుట్టాం. వాడికి వచ్చింది నాకు వచ్చి ఉండొచ్చు కదా. టేబుల్ మీద తల పెట్టి ఏడ్చాను.

రెండు బొమ్మలూ ప్రింట్ తీసుకుని జనగామ వెళ్లాను. అప్పటికే ఎండలు ముదిరాయి. అమ్మ పొయ్యి మీద నీళ్లు పెట్టి ఉంది. ఇది నాది, ఇది తమ్ముడిది అని చూపించి, తెలిసినంత విడమరిచి చెప్పాను.

"వాడు నీ కడుపుల పడ్డనాడే అయిపోయిందమ్మా. నువ్వు తాగిన నీళ్లకు, దీనికి ఏం సంబంధం లేదు."

అమ్మ తమ్ముడి బొమ్మ మీద వేలు పెట్టింది. "నీళ్లతోని కాలేదా?"

"కాలేదు."

"గీ ముచ్చట వానికి ఎరుకేనా?"

"తెల్వదమ్మా. వాడు పోయినంకనే చూసిన."

"అయితే నా మీద కోపంతోనే పోయిండు" అంది. కొంగుతో ముఖం తుడుచుకుని, నా ముఖం చూసి, నన్నే ఓదార్చింది. "నువ్వేం జేస్తవ్ బిడ్డా. నీ చేతిల ఉంటే చెప్పకుందువా? ఎండల వడి వచ్చినవ్, జర నీళ్లు తాగు."

ఫ్రిజ్‌లోంచి బాటిల్ తీసి చెంబులో పోసి నా చేతికిచ్చింది. తను మాత్రం పొయ్యి మీదివే గ్లాసులో వంచుకుంది. ఏడు నెలల సంగతి చెబుదామని నోరు తెరిచాను. చెప్పలేకపోయాను. చెంబు అలాగే గట్టు మీద పెట్టేశాను.

అప్పటి నుంచి నేనూ చల్లనీళ్లు తాగడం లేదు. ఎందుకని అమ్మ రెండుసార్లు అడిగింది. గొంతు బాగుండట్లేదని చెప్పాను.