సీసా చేసిన డబుల్ డ్యూటీ

2003 వేసవిలో నన్ను పటాన్‌చెరు ఎక్సైజ్ స్టేషన్‌కు ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. అప్పటికి అది మెదక్ జిల్లా. మా సూపరింటెండెంట్ గారి కార్యాలయం సంగారెడ్డిలో ఉండేది. ఎక్సైజ్ ఉద్యోగమనగానే అందరికీ గుడుంబా బట్టీల మీద దాడులే గుర్తొస్తాయి. నిజానికి మా పనిలో సగం సీసా చుట్టూ తిరగడమే. దాని మెడ మీద హోలోగ్రామ్ ఉందా, సర్కారు డిపో నుంచే వచ్చిందా, చీటీ మీద వేసిన గరిష్ఠ ధరకే అమ్ముతున్నారా, ఇవన్నీ చూడాలి. లోపల ఉన్నది తాగి చూడటం మాత్రం మా విధుల్లో లేదు. ఈ మాట నేను ఎప్పుడు చెప్పినా బంధువులు నవ్వుతారు.

చేరిన కొత్తలోనే ఒకరోజు పొద్దున్నే యాదగిరి అనే అతను వచ్చాడు. పాశమైలారం దగ్గరి పల్లెవాడు. తాతల నాటి పొలం పారిశ్రామికవాడలో కలిసిపోగా, పక్కనే ఒక రసాయన ఫ్యాక్టరీలో ఆపరేటర్‌గా చేరి, యూనియన్ కార్యదర్శి అయ్యాడు. అప్పుడే డబుల్ డ్యూటీ దిగి వచ్చాడు. ఆ ప్రాంతంలో డ్యూటీ అంటే షిఫ్టు. ఒక షిఫ్టు దిగీ దిగగానే రెండో షిఫ్టు కూడా చేస్తే డబుల్ డ్యూటీ, ఆ అదనపు పని ఓటీ. కళ్లు రెండూ ఎర్రగా ఉన్నాయి. పేపర్లో చుట్టిన ఖాళీ విస్కీ సీసా ఒకటి నా బల్ల మీద పెట్టాడు. విప్పి చూస్తే పల్లి నూనె వాసన గుప్పుమంది.

సంగతి ఇదీ. వాళ్ల ఫోర్‌మన్ వెంకయ్య రిటైరయ్యాడు. జన్మలో ఒక్కసారన్నా ఫారిన్ మందు రుచి చూడాలని ఆయన కోరిక. కార్మికులంతా చందాలు వేసుకున్నారు. కార్యదర్శి కాబట్టి యాదగిరే ఇస్నాపూర్ చౌరస్తాలోని వైన్ షాపుకు వెళ్లి స్కాచి సీసా కొన్నాడు. సన్మానం రోజు వెంకయ్య ఒక గుక్క తాగి, కాలిన కట్టె వాసన వస్తోందని పక్కన పెట్టి కల్లుకు పోయాడట. మిగతాది ఏమైందో నేను అడగలేదు, యాదగిరి చెప్పలేదు. సీసా ముచ్చటగా ఉందని వెంకయ్య భార్య అందులో నూనె పోసుకుంది. సాక్ష్యానికి కావాలని యాదగిరి అడిగితే, మళ్లీ తెచ్చిస్తానని ఒట్టు వేయించుకుని గానీ ఇవ్వలేదు.

సాక్ష్యం దేనికంటే, యూనియన్ ఎన్నికలు మరో వారంలో ఉన్నాయి. యాదగిరి మీద పోటీ చేస్తున్న కిష్టయ్యకు దుబాయి నుంచి వచ్చిన బావమరిది ఉన్నాడు. విమానాశ్రయంలోని డ్యూటీ ఫ్రీ దుకాణంలో అదే సీసా మూడోవంతు ధర కూడా పెట్టకుండా కొని తెచ్చానని ఆయన చెప్పాడు. సాయంత్రానికల్లా యాదగిరి చందా మింగాడని ఫ్యాక్టరీ అంతా పాకింది.

"సార్, దుకాణపోడన్నా మోసం జేసిండాలె, లేకుంటే నేనన్నా దొంగ కావాలె. రెండిట్ల ఏదో మీరే తేల్చున్రి. ఎలక్షన్ పోతే పోనీ. మా నాయిన ఊర్ల తలెత్తుకోని తిరుగుతలేడు" అన్నాడు యాదగిరి.

గరిష్ఠ ధర కంటే ఎక్కువకు అమ్మారన్న ఫిర్యాదు వస్తే మేం చూడకుండా వదిలేయడానికి వీల్లేదు. రుజువైతే దుకాణం లైసెన్సుకే ముప్పు. అదే రోజు వెళ్లాను. నన్ను చూడగానే దుకాణదారుడు బిల్లుల పుస్తకం తీసి ముందు పెట్టాడు. అదే బ్యాచి సీసా ఇంకొకటి అరలో ఉంది. దాని మీది ధరా, నూనె సీసా మీది ధరా ఒకటే. యాదగిరి ఇచ్చింది కూడా సరిగ్గా అంతే. హోలోగ్రామ్ అసలుది, సరుకు డిపోది. ఫిర్యాదు నిరాధారమని రాస్తే నిబంధన ప్రకారం నా పని ముగిసినట్టే.

ఈ మాట చెబితే యాదగిరి సంతోషిస్తాడనుకున్నాను. అతని మొహం మరింత వాడిపోయింది. దుకాణం సక్కగ ఉందంటే ఇగ దొంగను నేనే కదా అన్నాడు. అంత ధర ఉంటుందని ఫ్యాక్టరీలో ఎవరూ నమ్మరు, మీరే వచ్చి వాళ్లకు చెప్పాలి అని పట్టుబట్టాడు.

వెళ్లకుండా ఉండాల్సింది. కానీ వివరించడం నాకున్న జబ్బు. మార్కెట్ నుంచి వచ్చాక ఉల్లిగడ్డ కిలో ఎంతని మా ఆవిడ ఇప్పటికీ నన్ను అడగదు. ఎంత అని అడిగితే ఎందుకంత అన్నది కూడా వినాల్సి వస్తుందని ఆమెకు భయం.

ఎక్సైజ్ వాళ్లు వస్తున్నారంటే మద్యం మానమని బోధించడానికేమో అనుకుని, ఫ్యాక్టరీలో సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనల్ ఆఫీసర్ సంతోషంగా క్యాంటీన్ ఇచ్చాడు. షిఫ్టు మారే వేళ. దిగినవాళ్లూ, ఎక్కబోయేవాళ్లూ బెంచీల మీద కిక్కిరిసి కూర్చున్నారు. నూనె సీసాను బల్ల మీద నిలబెట్టి మొదలుపెట్టాను.

సీసా వెల, ఓడ కిరాయి, బీమా మూడూ కలిపితే రేవులో దాని విలువ. అది నూరు రూపాయలనుకోండి అన్నాను. దాని మీద కేంద్రం మొదటి డ్యూటీ వేస్తుంది. అదొక్కటే ఆ నూరును దాటిపోతుంది. అక్కడితో అయిపోదు. విలువా, మొదటి డ్యూటీ కలిపిన మొత్తం మీద రెండోది, అదనపు డ్యూటీ. అవి కట్టేదాకా సరుకు తాళం వేసిన గోదాంలో ఉంటుంది, దాని కిరాయి వేరు. రాష్ట్రంలోకి వస్తే మన డ్యూటీ, ఫీజులు, డిపో వాటా, అమ్మకం పన్ను. ప్రతి ఒక్కటీ తన కింద ఉన్న మొత్తం మీదే కూర్చుంటుంది. చివర దుకాణదారుడి లాభం, ఆపైన చిల్లర సమస్య రాకుండా అంకెను పైకి సవరించడం. తాగేవాడు కొనేది మందును కాదు, డ్యూటీని. మందు దానికి తోడుగా వస్తుందన్నాను.

ఇది నా మంచి ప్రసంగాల్లో ఒకటని నమ్ముతున్నాను. పన్నెండేండ్ల పాత సరుకని చీటీ మీదే రాసి ఉంది కదా, పాత సరుకుకు ధర తగ్గాలి గానీ పెరుగుతుందా అని వెనక నుంచి ఎవరో అడిగారు. పీపాలో పడి ఉన్న ఏళ్లకు కూడా వెల కట్టాలని చెప్పబోతుండగా, బాయిలర్ దగ్గర పనిచేసే సాయిలు అనే పెద్దమనిషి మెల్లగా లేచాడు.

"సార్, నాకు సమజైంది. సీస ఒక డ్యూటీ దిగకముందే ఇంకో డ్యూటీ ఎక్కింది. ఆడ డబుల్ డ్యూటీ, ఈడికొచ్చినంక మల్లొక డ్యూటీ. గదంత ఓటీ. ఓటీ పడితే రేటు పెరగదా?"

క్యాంటీన్ అంతా ఒక్కసారి "ఓహో" అంది. నేను డ్యూటీ అంటే సుంకమని చెబుతుంటే వాళ్లు ఇంతసేపూ షిఫ్టు అనే వింటున్నారన్నమాట. సరిదిద్దుదామని నోరు తెరిచాను. అప్పటికే కిష్టయ్య లేచి, మరి డ్యూటీ ఫ్రీ సంగతేందని నిలదీశాడు. సాయిలు నా వైపు చూడను కూడా చూడలేదు. "డ్యూటీ జేయని సీసకు జీతమెందుకిస్తరు కిష్టయ్యా? మీ బావమర్ది తెచ్చింది ఇంట్ల పండుకున్న సీస."

నవ్వులతో రేకుల కప్పు అదిరింది. కిష్టయ్య కూడా నవ్వాడు. నేను నోరు మూసుకుని ఛాయ్ తాగాను. సూత్రం తప్పే, లెక్క మాత్రం సరిపోయింది. యాదగిరి ముందుకొచ్చి సీసాను ఎత్తి చూపించి, చందా మింగింది నేను గాదు, ఇది జేసిన డ్యూటీలు అన్నాడు. కండ్లు తుడుచుకున్నాడు. అతని పరువు నిలిచిందని నాకు చాలా సంతోషం కలిగింది.

అప్పుడే వెళ్లిపోయి ఉంటే బాగుండేది. యాదగిరి సీసాను దించలేదు. దాన్నే చూస్తూ అడిగాడు. "సార్, సీస డ్యూటీ మీద డ్యూటీ జేస్తే ఇంత రేటు కట్టిన్రు. మేము డబుల్ డ్యూటీ జేస్తే సింగిల్ రేటే ఇస్తున్నరు. మనిషి సీసకన్న కమ్మినా?"

అది కార్మిక శాఖ వాళ్లు చెప్పాల్సిన విషయమన్నాను. ఓటీకి రెట్టింపు ఇవ్వాలని చట్టంలో ఉందని కూడా అన్నాను. మొదలుపెడితే ఆగలేనని ముందే చెప్పుకున్నాను కదా.

కొద్ది రోజులకే సంగారెడ్డి నుంచి మెమో వచ్చింది. ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ క్యాంటీన్‌లో కార్మికులను రెచ్చగొట్టాడని పర్సనల్ ఆఫీసర్ ఫిర్యాదు చేశాడట. గేటు ముందు కార్మికులు ఖాళీ సీసాలు ఎత్తి పట్టుకుని, సీసకో రేటు మనిషికో రేటా అని నినాదాలు ఇస్తున్నారట. నేను మాట్లాడింది దిగుమతి విస్కీ చిల్లర ధర గురించి మాత్రమేనని సంజాయిషీ రాసి తీసుకెళ్లాను. సూపరింటెండెంట్ గారు చదివి, అసలు దాని ధర ఎందుకయ్యా అంత అని అడిగారు. ఓడ కిరాయి దగ్గరికి వచ్చేసరికి ఫైలు మూసేశారు. ఇకమీదట ఆ ప్రాంతంలో డ్యూటీ అనవద్దు, పన్ను అను, పీకుతారని అందరికీ వెంటనే అర్థమవుతుంది అన్నారు.

యాదగిరి గెలిచాడు. ఆ ఏడాది చివరికి ఫ్యాక్టరీలో ఓటీకి రెట్టింపు ఇవ్వడం మొదలైంది. ఒకరోజు అతను స్టేషన్‌కు వస్తే, ఆ కబురు చెప్పడానికే అనుకుని కుర్చీ చూపించాను. అతను నిలబడే, క్యాంటీన్ నుంచి తిరిగొచ్చి నా బీరువాలో సాక్ష్యంగా ఉండిపోయిన సీసా కోసం వెంకయ్య భార్య పోరు పెడుతోందని చెప్పి, దాన్ని సంతకం పెట్టి తీసుకెళ్లాడు.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. ఒక వస్తువుకు ఆ ధర ఎలా వచ్చిందో జనానికి చెప్పడంలో తప్పు లేదు. కాకపోతే వాళ్లు ఆ వస్తువు దగ్గర ఆగరు. తరువాత తమకు కట్టిన ధర లెక్క అడుగుతారు.