గోడ మీద మూడో వెలుగు

దెయ్యాల మాట ఎత్తితే నవ్వేవాణ్ణి నేను. నరసాపురం బజారులో మాది ఫ్యాన్సీ సామాన్ల కొట్టు. "శ్మశానం పక్క నుంచి నడవాలండి, మంచి టార్చి ఇవ్వండి" అని ఎవరైనా అడిగితే, "దెయ్యం కనపడితే చెప్పండి, టార్చి వాపసు తీసుకుంటాను" అని ఆటపట్టించేవాణ్ణి. ఇప్పటికీ నాకు వాటి మీద నమ్మకం లేదు. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

అవి డెబ్బైల చివరి రోజులు. పెన్సిల్ సెల్లు రెండు వేసుకునే చిన్న రేకు టార్చీలు అప్పుడప్పుడే వస్తున్నాయి. చౌక, జేబులో పడతాయి. కానీ ఒకటి వెలిగినట్టు ఇంకొకటి వెలగదు. అందుకని పెట్టె రాగానే కొట్టు వెనక గోడౌన్‌లో పరీక్ష చేసేవాణ్ణి. అది కిటికీల్లేని గది. తలుపు మూస్తే మిట్టమధ్యాహ్నం కూడా కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. ఎదురుగా సున్నం వేసిన గోడ, దానికో పాత క్యాలెండరు. ఎనిమిది అడుగుల దూరంలో నిలబడి, చేతికొకటి చొప్పున రెండు టార్చీలు వెలిగించి గోడ మీద పక్కపక్కన వేసేవాణ్ణి. తర్వాత దీని సెల్లు దాన్లోకీ, దాని సెల్లు దీన్లోకీ మార్చి మళ్ళీ చూసేవాణ్ణి. గొప్ప సెల్లుదో టార్చిదో అప్పుడు గానీ తేలదు.

వెలుగు ఎక్కువుంటే సరిపోదండి. కొన్ని అంతా ఒక్కచోటే కుమ్మరిస్తాయి, పక్కన గొయ్యి ఉన్నా కనపడదు. కొన్ని గోడంతా పరుస్తాయి, క్యాలెండర్లో ఒక్క అంకె కూడా చదవలేం. బల్బు లోపలికి దిగిపోయి కూర్చున్నదైతే మరీ అన్యాయం. చుట్టూ వెలుగు, నడిమధ్య నల్లటి మచ్చ.

అలాంటిదొకటి వచ్చింది. మూడుసార్లు విప్పి బిగించినా మచ్చ పోలేదు. అమ్మితే మాట వస్తుంది. మా ఇంట్లో నాన్నగారి కాలం నుంచీ ఒక అలవాటుంది. బాగున్నవి కొట్లో ఉంటాయి, వంక ఉన్నవి ఇంటికొస్తాయి. విరిగిన బిస్కట్లు, పిడి వంకరపోయిన గొడుగులు, అన్నీ మా ఇంట్లోనే. ఆ టార్చిని మా ఆవిడ సుశీలకి ఇచ్చాను. మచ్చ సంగతి చెప్పలేదు.

వారం తిరక్కుండానే, "ఏవండీ, టార్చి వేస్తే మధ్యలో నాకేం కనపట్టం లేదండి" అంది.

"రాత్రింబగళ్ళు లేసు అల్లితే కళ్ళుంటాయా?" అని నవ్వేశాను.

ఇంకో టార్చి ఇస్తే పోయేది. నా సరుకుకి వంక ఉందని ఇంట్లో ఒప్పుకోవడానికి మనసు రాలేదు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు మరి. పిచ్చిది, నా మాట నమ్మింది. పెళ్ళికి ముందు నుంచీ అల్లుతున్న లేసు మానేసి, సూదీ దారం పెట్టెలో పెట్టేసింది. ఆ పెట్టె మూయడం నేను చూశాను. అప్పుడూ నోరు విప్పలేదు.

ఆ వానాకాలం ఒక సాయంత్రం కరెంటు పోయింది. దొడ్లో ఆరేసిన బట్టలు తేవడానికి టార్చి వేసుకుని వెళ్ళింది. నూతి దగ్గర రక్తపింజర కరిచింది. ఆసుపత్రిలో డాక్టర్లు చేయగలిగినదంతా చేశారు. రెండో రోజు నా చెయ్యి పట్టుకుని, "టార్చి వేసుకునే వెళ్ళానండి. నా కళ్ళకే కనపళ్ళేదు" అంది. తప్పంతా తనదే అన్నట్టు చెప్పింది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. మంచం అవతల ఆమె తమ్ముడు సత్యం కూర్చుని ఉన్నాడు. అతని ముందు నోరు పెగల్లేదు. ఊఁ అన్నాను. మర్నాడు తెల్లవారకుండానే పోయింది. ముప్పై ఏళ్ళయినా నిండలేదు.

దినాల్లో అందరూ లేసే కొంప ముంచిందన్నారు. నేను కాదనలేదు. ఆ తర్వాత ఒకరోజు సఖినేటిపల్లి వెళ్ళే పడవెక్కి, ఆ టార్చిని గోదావరి నడిమధ్యలోకి విసిరేశాను. ఇది నా చేత్తో చేసిన పని, అందులో అనుమానం లేదు.

ఆరు నెలలకి సత్యం వచ్చాడు. జంగారెడ్డిగూడెంలో అతనిదీ చిన్న కొట్టే. పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పనిచేసేవాళ్ళు చిన్న టార్చీలు అడుగుతున్నారట, మంచివి ఏరుకుపోదామని వచ్చాడు.

మధ్యాహ్నం రెండు గంటలైంది. ఇద్దరం గోడౌన్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నాం. రెండు టార్చీలూ నా చేతుల్లోనే ఉన్నాయి. సత్యం ఒట్టి చేతులతో నా పక్కన నిలబడ్డాడు. గోడ మీద రెండు వెలుగులు పడ్డాయి. కుడిచేతిది కాస్త తెల్లగా ఉందని చెప్పబోతున్నాను.

"బావగారూ, ఆ మూడోది ఏంటండి?" అన్నాడు సత్యం.

రెండింటికీ ఎడంగా ఇంకో వెలుగు. పచ్చగా, నీరసంగా, నడిమధ్య నల్లటి మచ్చతో ఉంది. నా చేతుల్లో రెండూ ఆర్పేశాను. మూడోది ఆరలేదు. వెనక్కి తిరిగి చూశాను, తలుపు వేసే ఉంది. పెంకుల సందుల్లోంచి ఎండ పడిందనుకోవడానికి పైన చెక్కల అటక ఉంది. పైగా ఇది కదిలింది. గోడ దిగి నేల మీదకొచ్చి, అడుగడుక్కీ ఆగుతూ, చీకట్లో దారి చూసుకుంటూ నడిచేవాళ్ళ టార్చిలాగే వచ్చింది. నా దగ్గరికొచ్చి ఆగిపోయింది. చుట్టూ నేల కనపడుతోంది. నా పాదాలు మాత్రం కనపట్టం లేదు, మచ్చలో ఉన్నాయి.

నాకు భయం వెయ్యలేదు, ఏడుపొచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. పక్కన సత్యం ఉన్నాడన్న సంగతే మర్చిపోయి, "సుశీలా, నీ కళ్ళు బాగానే ఉన్నాయే. ఆ టార్చే మంచిది కాదు. తెలిసే ఇచ్చాను. తప్పు నాదే" అన్నాను.

కళ్ళు తెరిచేసరికి అంతా చీకటి. సత్యం తలుపు తీసుకుని బయటికి నడిచాడు. నేనూ వెనకే వెళ్ళాను.

"తెలిసే ఇచ్చారా అండి?" అని అడిగాడు. తలూపాను. సరుకైనా తీసుకోకుండా బస్సెక్కేశాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు. అతన్ని నేను తప్పుపట్టను.

ఆ గోడౌన్ అంతా సందూ చిల్లూ వెతికాను, ఏమీ దొరకలేదు. ఎన్నో మధ్యాహ్నాలు తలుపేసుకుని ఒక్కణ్ణే నిలబడ్డాను. మళ్ళీ రాలేదు. అది ఏమిటో నాకు తెలియదు, దెయ్యం అనడానికి ఇప్పటికీ నోరు రాదు.

నాకు తెలియాల్సింది ఒక్కటే. నేను ఆ మాటలంటున్నప్పుడు వెలుగు ఇంకా నా ముందే ఉందా, అంతకుముందే వెళ్ళిపోయిందా? నేను కళ్ళు మూసుకున్నాను. సత్యం చూస్తూనే ఉన్నాడు. అదొక్కటి చెప్పమని ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను. జంగారెడ్డిగూడెం వెళ్ళి అతని కొట్టు ముందు నిలబడ్డాను. నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయాడు.

సుశీల నా మాట విన్నదో లేదో అతనికి తెలుసు. నాకు చెప్పడు.